కొలతకు కారణం చెప్పిన పుస్తకం

పల్నాటి వడ్రంగుల ఇళ్లలో పనికి సంబంధించిన పుస్తకాలు ఉండేవి కావు. గోడకు ఆనించిన కొలకర్ర ఉండేది. దాని నిండా ఉలి మొనతో పెట్టిన గాట్లు ఉండేవి. ఒక గాటు నాగలి మేడి ఎత్తుకు, ఒకటి కాడి పొడుగుకు, ఒకటి గుంటక వెడల్పుకు, మరొకటి మంచం కోడుకు. ఏ గాటు దేనిదో ఆ ఇంటి పెద్దకు తెలుసు, ఎదురుగా కూచుని రంపం రెండో కొస లాగిన కొడుకుకు తెలుసు. కొడుకు పట్నంలో ఫర్నిచర్ పనికి కుదురుకున్నాడు, పెద్దాయన కాలం చేశాడు, కర్ర పొయ్యిలోకి పోయింది. దాచేపల్లి, గురజాల, కారెంపూడి చుట్టుపట్ల ఇలా బూడిదైన కొలకర్రలు ఎన్నో. మిగిలిన కాసిని కర్రలను ఇల్లిల్లూ తిరిగి వెతికి, గాట్లు కొలిచి, బొమ్మలు గీసి, చేసే పద్ధతి రాసి మా ఊరి కుర్రవాడు ఈ పుస్తకం తెచ్చాడు. ముందుమాట రాయమని అడిగితే ఎంతో సంతోషంగా ఒప్పుకున్నాను. హైస్కూల్లో చేతిపనుల మాస్టారుగా ఉద్యోగమంతా పిల్లల చేత రంపం, చిత్రిక పట్టించినవాణ్ణి. ఇలాంటి పుస్తకం తెలుగులో రావాలని నాకు ఏనాటి నుంచో కోరిక.

రచయిత వడ్రంగుల ఇంటి బిడ్డ. తండ్రి దగ్గర బాడిస పట్టాడు, పాలిటెక్నిక్‌లో డ్రాయింగు నేర్చాడు. ఈ రెండూ ఒక్క మనిషిలో కలవడం అరుదు. పని తెలిసినవాడికి గీత రాదు, గీత వచ్చినవాడికి పని తెలియదు. ఆ రెంటి మధ్యా పడి ఎన్నో మంచి సంగతులు జారిపోయాయి. ఫ్రాన్సులో ఆంద్రే రూబో 1769 నుంచి 1775 దాకా వడ్రంగం మీద పెద్ద సంపుటాలు ప్రకటించాడు. ఆయన స్వయంగా వడ్రంగి. అందుకే ఆయన బొమ్మలు చూసి ఈనాటికీ పని చేసుకోగలుగుతున్నారు. ఇంగ్లండులో జార్జి స్టర్ట్ అనే బడిపంతులు 1884లో తండ్రి పోయాక బళ్లు, చక్రాలు చేసే కార్ఖానా చేతిలోకి తీసుకున్నాడు. ఆ అనుభవమంతా 'ది వీల్‌రైట్స్ షాప్' పేరుతో 1923లో అచ్చువేసేనాటికి ఆ పని అక్కడ కొడిగడుతోంది. నేల తీరు, రైతు తీరు చూసి బండి కొలతలు నిర్ణయించేవారని ఆయన రాసిన పేజీలు చదువుతుంటే మన వడ్రంగి పాకలే నా కళ్లకు కట్టాయి. మా కుర్రవాడి పుస్తకం చిన్నదే, కానీ ఆ కోవలోదే.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రతి కొలతకూ కారణం చెప్పడం. 'ఇన్ని అంగుళాలు పెట్టు' అని చెప్పే పుస్తకాలు బజారులో దొరుకుతాయి. ఎందుకు పెట్టాలో చెప్పేవి దొరకవు. కారణం తెలియనివాడు కొలత మార్చాల్సి వచ్చినప్పుడు ఎటు మార్చాలో తోచక నిలబడిపోతాడు. కారణం తెలిసినవాడు తన చేతిలో ఉన్న కర్రకు, తన పొలానికి, తన ఇంటికి తగ్గట్టు మార్చుకుంటాడు.

అచ్చు గొర్రు అధ్యాయం తీసుకోండి. మన మిరప చేలల్లో, పత్తి చేలల్లో నాటే ముందు నేల మీద అచ్చు తోలతారు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. గీతలు కలిసినచోట మొక్క పెడతారు. అలా పెడితేనే తర్వాత గుంటక రెండు వైపులా నడుస్తుంది, కలుపు కూలి సగానికి సగం కలిసొస్తుంది. ఇదంతా ఆ గొర్రు పళ్ల మధ్య ఎడం మీద ఆధారపడి ఉంది. ఒక పన్ను రెండు వేళ్లు పక్కకు జరిగిందనుకోండి, ఒక సాలు ఇరుకవుతుంది, పక్క సాలు వెడల్పవుతుంది. నేలను కోసే గుంటక పాస మాత్రం ఎప్పుడూ ఒకే పొడుగు. ఇరుకు సాలులో అది మొక్కల వేళ్లు తెంపుకుంటూ పోతుంది, వెడల్పు సాలులో కలుపు వదిలేస్తుంది. అచ్చు తోలిన రోజున కనపడని ఆ రెండు వేళ్ల తేడా పంట చేతికొచ్చేదాకా రైతును వేధిస్తుంది. పన్ను ఎందుకు జరుగుతుందో రచయిత వివరించిన తీరు చూడండి. దూలంలో బెజ్జం తిన్నగా తొలిస్తే, నేలలో ఈడ్చుకుపోయేటప్పుడు పన్ను వెనక్కి తోసుకుని బెజ్జం అంచును తినేస్తుంది, బెజ్జం వదులై పన్ను పక్కకు జరుగుతుంది. అందుకే బెజ్జాన్ని కాస్త ఏటవాలుగా తొలిచి, పన్నును పైనుంచి దింపి, వెనకవైపు చండ్ర చీల బిగించమంటాడు. ఈడ్చే కొద్దీ పన్ను ఇంకా బిగుస్తుంది. ఇరవైఏళ్లు గొర్రు పట్టిన రైతు కూడా ఈ బొమ్మ చూసి 'ఓహో, ఇందుకా!' అంటాడని నా నమ్మకం. దాని వెంటే పాస పొడుగు లెక్క ఉంది: సాళ్ల ఎడంలోంచి రెండు వైపులా మొక్క వేరుకు ఎంత చోటు వదలాలి, మొక్క ఎదిగేకొద్దీ పాస ఎందుకు చిన్నది వేయాలి అని. ఎద్దుల మూతికి చిక్కం కట్టడం వరకూ రాశాడు. అది వడ్రంగం కాకపోయినా రాశాడు, మంచిపని చేశాడు.

రెండో మేలు కలప గురించినది. మా బడిలో మేం వాడిన పుస్తకాలు ఇంగ్లీషువి, లేదంటే వాటిని చూసి రాసినవి. అందులో పైను, ఓకు, దేవదారు. మా పిల్లల చేతికి వచ్చేది తుమ్మ, వేప, మామిడి. ఈ పుస్తకంలో మన చెట్లే ఉన్నాయి. నల్లతుమ్మ బరువును, దెబ్బను ఓర్చుకుంటుంది కాబట్టి నాగలికి, బండి చక్రపు కుండకు. కోసిన దుంగను నెలల తరబడి చెరువు నీళ్లలో నాననిస్తే లోపలి పసరు పోయి పురుగు పట్టదు. వేపకు పురుగు అంత తేలిగ్గా రాదు కాబట్టి పెట్టెకు, తలుపుకు. చండ్ర గట్టిదీ బరువైనదీ కాబట్టి రోకలికి, చీలలకు. తాటిచెట్టులో పైచేవ మాత్రమే పనికొస్తుంది, నడిమి బెండు పనికిరాదు. అదీ ముదురు చెట్టు అయితేనే దూలానికి, వాసానికి నిలుస్తుంది. మామిడి చవక, కానీ దానికి పురుగు తేలిగ్గా పడుతుంది, ఏళ్ల తరబడి నిలవాల్సిన సామానుకు వాడవద్దని నిక్కచ్చిగా చెప్పాడు. అడితికి వెళ్లి పలక ఎంచుకునేటప్పుడు కొస వైపు వలయాలు ఎలా చూడాలో నేర్పే పేజీని ఇల్లు కట్టుకునే ప్రతి మనిషీ చదవాలి.

వేసవి వస్తే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు. మాకు అది పక్క ఊరు. ఈ ఎండకు కర్ర ఏమవుతుందో తెలియకుండా ఇక్కడ చెక్కపని చేయకూడదు. ఎండేటప్పుడు కర్ర నిలువునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందులోనూ వలయాల వెంబడి కుంచించుకునేది, నడిబొడ్డు వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. వానాకాలం ముసురుకు మళ్లీ ఉబ్బుతుంది. కొత్త ఇంటి తలుపు శ్రావణంలో బిగుసుకుపోవడం, వైశాఖంలో పలకల మధ్య వెలుతురు కనపడడం ఇందువల్లే. ఈ సంగతిని రచయిత పాఠంలా చెప్పలేదు, పీట చేయిస్తూ చెప్పాడు. పీట పలక కింద అడ్డంగా రెండు పట్టీలు వస్తాయి. వాటికి మేకులు కొట్టేస్తే పలక కుంచించుకోవడానికి దారిలేక నడిమికి చీలుతుంది. పలక అడుగున గాడి తీసి, గాడి నోరు ఇరుకుగా, లోపలి వెడల్పు ఎక్కువగా చెక్కి, అదే ఆకారంలో చెక్కిన పట్టీని పక్కనుంచి దూర్చమంటాడు. జిగురు అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. పలక తన ఇష్టం వచ్చినట్టు కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది, వంకర మాత్రం పోదు. మా అమ్మమ్మల కాలం నాటి పీటలు తిరగేసి చూడండి, ఇదే అతుకు కనపడుతుంది. తలుపు రెక్కలోని పలకలను చట్రం గాడిలో వదులుగా ఎందుకు నిలపాలో, ఈ పీట చేసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

మంచం అధ్యాయం కూడా అంత బాగుంది. ఒక్కో కోడులోకి రెండు పట్టెల కొసలు వచ్చి చేరతాయి. రెండు బెజ్జాలూ ఒకే ఎత్తున తొలిస్తే కోడు తల గుల్లవుతుంది. కాబట్టి ఒకటి కాస్త మీదికి, ఒకటి కాస్త కిందికి. నులక బిగించేకొద్దీ పట్టెలు లోపలికి లాగుతాయి, ఆ లాగుడుకే అతుకులు బిగుస్తాయి. కుక్కిపడిన మంచానికి మళ్లీ నులక బిగిస్తే కోళ్ల ఊగుడు కూడా ఆగిపోవడం మనం చూసిందే. ఎందుకో ఇక్కడ బొమ్మతో సహా ఉంది.

ఈ పుస్తకం వస్తోందని తెలిసి మా పెద్దల్లో కొందరు నొచ్చుకున్నారు. కులవిద్యను బజారున పెడితే రేపు మనవాళ్లకు పని ఏముంటుందని వాళ్ల బాధ. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. కళ్లంలో మేరగా ధాన్యం కొలిపించుకుని, ఏడాది పొడుగునా ఊరందరి అరకలకూ బాధ్యత వహించిన కుటుంబాలు వాళ్లవి. వాళ్ల చేతిలో ఉన్నది ఆ విద్య ఒక్కటే. కానీ పని పోయింది పుస్తకాల వల్ల కాదు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక పైర్లు మారాయి, చేతిలో డబ్బు ఆడింది, వెనకే ట్రాక్టర్లు వచ్చాయి. చెక్క చక్రాల చోట రబ్బరు టైర్ల బండి వచ్చింది, చెక్క గొర్రు చోట ఇనప గొర్రు వచ్చింది. ఇళ్లలోకి ప్లైవుడ్డు, పీవీసీ తలుపులు వచ్చాయి. గుట్టు దాచినన్నాళ్లూ పని తగ్గుతూనే పోయింది. నా నమ్మకం ఒకటే: అతుకు విలువ తెలిసినవాడే ఆ అతుకు చేసే మనిషికి బేరమాడకుండా కూలి ఇస్తాడు. ఈ పుస్తకం చదివి ఒక పీట చేయడానికి ప్రయత్నించిన మనిషి, రేపు తన ఇంటి ద్వారబంధం చేయించేటప్పుడు వడ్రంగిని చూసే చూపే వేరుగా ఉంటుంది. పెద్దలు ఈ మాట మన్నించి, పుస్తకాన్ని తమదిగా స్వీకరించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంతకుముందు ఈ దారిన నడిచినవారికి కృతజ్ఞత చెప్పడం నా విధి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలను వెలువరించింది. నాగలి, గొర్రు, బండి భాగాలకు ఏ జిల్లాలో ఏమంటారో పల్లెల నుంచి సేకరించి పెట్టిన మహత్తర గ్రంథం అది. 1961 జనాభా లెక్కలప్పుడు రాష్ట్రంలోని కొన్ని చేతిపనుల మీద ప్రత్యేక నివేదికలు తయారుచేశారు. పొనికి కర్రతో చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి అతికే కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రను తరిణ పట్టి లక్క రంగులు అద్దే ఏటికొప్పాక బొమ్మలు ఈనాడు దేశమంతా తెలుసు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగులను నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా పక్కనున్న దుర్గి రాతి శిల్పాలకూ ఆ గుర్తింపు దక్కింది. అందరికీ నమస్కారం. అయితే మంచం, పీట, గుంటక, గడప చేసిన మనిషి పనిని ఎవరూ కళ అనలేదు. ఆ పనికి పేర్లు దొరికాయి, కొలతలు దొరకలేదు. ఆ వెలితిని పూడ్చే పని ఇప్పుడు మొదలైంది.

పల్నాడులో రాయి పుష్కలం, కర్ర కరువు. ఇళ్లకు గోడలు, అరలు, అరుగులు, చాలాచోట్ల కప్పు కూడా నాపరాళ్లే. అందుకే ఇక్కడి వడ్రంగి కర్రను పొదుపుగా వాడాడు. రాయి చేయలేని పనికే కర్ర పెట్టాడు. రచయితకు ఈ పొదుపు ఒంటబట్టింది. ప్రతి వస్తువుకూ ఏ కొలత పలక కొనాలో, అందులోంచి ఏ ముక్క ముందు కోయాలో, మిగిలిన ముక్కతో ఏం చేసుకోవచ్చో గీసి చూపించాడు. మంచం పట్టెల్లో మిగిలిన తునకలతో పసివాడి నడక బండి వస్తుంది. ఆ బండికి మూడే చక్రాలు ఎందుకని అడిగిన పిల్లలకు చెప్పడానికి సమాధానం కూడా ఉంది: నేల ఎంత ఎగుడుదిగుడైనా మూడు ఎప్పుడూ నేలను తాకే ఉంటాయి, నాలుగైతే ఒకటి గాల్లోకి లేస్తుంది.

ఇంట్లో చేసుకునే వస్తువుల భాగం ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాయడం నాకు ప్రత్యేకంగా నచ్చింది. రోకలికి పొన్ను ఎక్కడిదాకా దిగాలి, కారం దంచేటప్పుడు అరచేయి బొబ్బలెక్కకుండా నడుము ఎంత సన్నంగా చిత్రిక పట్టాలి, కత్తిపీట పలక ఎంత పొడుగుంటే కాలి కింద కదలకుండా నిలుస్తుంది, కవ్వం కొసన పళ్లు ఎంత లోతు తీయాలి. ఇవన్నీ వాడే చేతిని చూసి పెట్టిన కొలతలు. వాటిని తన తల్లినీ, ఇరుగుపొరుగు ఆడవాళ్లనూ అడిగి సరిచూసుకున్నానని రచయిత నాతో చెప్పాడు. ఇటలీలో ఎంజో మారి 1974లో మామూలు పలకలు, మేకులు, సుత్తితో ఎవరి బల్ల వాళ్లే చేసుకునే నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపినవారికి ఉచితంగా పంపించాడు. తన చేత్తో ఒక బల్ల చేసుకున్న మనిషికి మంచి బల్ల ఏదో తెలుస్తుందని ఆయన ఆలోచన. దాచేపల్లిలో ఒక ఇల్లాలు ఈ పుస్తకం ముందు పెట్టుకుని పీట చేసుకుంటే ఆ ఆలోచన ఇక్కడా ఫలించినట్టే.

యువకులకు ఒక మాట. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, శిక్షణ, రెండు విడతల్లో మూడు లక్షల దాకా అప్పు అందులో ఉన్నాయి. అర్హులు తప్పక వినియోగించుకోండి. కొత్త పనిముట్లు చేతికొచ్చిన రోజున వాటితో ఏం చేయాలో చెప్పే తెలుగు పుస్తకం పక్కన ఉండాలి. ఐటీఐల్లో వడ్రంగం నేర్చే విద్యార్థులకు, బళ్లలో పిల్లలకు ఇది అందేలా చూడమని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. బొమ్మల్లో అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఇవ్వడం వల్ల తాతకూ మనవడికీ ఒకే పేజీ పనికొస్తుంది.

మలి ముద్రణకు రెండు సూచనలు. బండి చక్రం గురించి నాలుగు పేజీలే ఉన్నాయి, అవి చాలవు. పన్నెండు ఆకులు, చుట్టూ ఆరు వంపు చెక్కలు, ఒక్కో వంపు చెక్కలోకి రెండేసి ఆకులు దిగే లెక్క ఉంది, బాగుంది. కానీ ఇనప పట్టా చుట్టుకొలత చక్రం చుట్టుకొలత కన్నా ఎంత తక్కువ పెట్టాలో, పిడకల మంటలో అది ఎర్రబడి సాగినప్పుడు ఎలా తొడగాలో, నీళ్లు పోయగానే బిగిసి ఆకులన్నిటినీ కుండలోకి ఎలా నొక్కుతుందో విడివిడిగా బొమ్మలు కావాలి. పట్టా తక్కువ కుంచిస్తే చక్రం వదులు, ఎక్కువ కుంచిస్తే ఆకు విరుగుతుంది. ఈ పని కళ్లారా చూసి చేసిన కమ్మరులు, వడ్రంగులు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వచ్చే ఎండాకాలంలోపే వాళ్ల దగ్గర కూచుని రాసుకోవాలి. రెండోది, విత్తే గొర్రుకు ఉండే జడ్డిగం. విత్తనం అన్ని గొట్టాల్లోకీ సమానంగా పడేలా దాని లోపలి వాలు చెక్కడంలో ఉన్న నేర్పుకు ఒక్క బొమ్మ సరిపోదు. నిలువునా కోసినట్టు ఒకటి, పైనుంచి చూసినట్టు ఒకటి వేయించాలి.

పాఠకులు ఏ పేజీ నుంచైనా మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్లు మాత్రం పీటతో మొదలుపెట్టండి: ఒక పలక, రెండు పట్టీలు, ఒక రంపం, ఒక ఉలి, ఒక చిత్రిక, ఒక మూలమట్టం. గాడి బిగుతుగా వస్తే పట్టీని చెక్కండి, గాడిని వెడల్పు చేయకండి. మీ ఇళ్లలో పాత కొలకర్ర ఏదైనా అటక మీద ఉంటే దయచేసి రచయితకు చూపించండి. ఈ చిరంజీవికి ఆయురారోగ్యాలు, ఆ చేతికి ఇంకా చాలా పని కలగాలని దీవిస్తున్నాను.

దాచేపల్లి